హౌస్‌గల్లీ నుండి రెండు బుట్టల వరకు : కామాటిపుర చాళ్లలో చెత్త చరిత్ర

ముంబాయి మహానగరంలో తెలుగువారి శ్రమను తన పేరులోనే నిలుపుకొన్న పేట కామాటిపుర. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలను, మేస్త్రీలను ఈ నగరం కామాఠీలని పిలిచింది. వారి చేతి చలువ వల్ల లేచిన భవనాలను గురించి, వారిలో పేరుపొందిన కాంట్రాక్టర్లను గురించి సభలలో తరచుగా చెప్పుకుంటారు. అది న్యాయమే. అయితే కట్టిన చేతుల చరిత్ర చెప్పుకున్నంతగా ఊడ్చిన చేతుల చరిత్ర చెప్పుకోలేదు. ఒక ఇల్లు ఎలా కట్టారో తెలిసినంత మాత్రాన అందులోని జీవితం తెలియదు. ఆ ఇంటి చెత్త ఏ దారిన బయటికి వెళ్లిందో కూడా తెలియాలి. కామాటిపుర విషయంలో ఆ దారి రెండు శతాబ్దాలకు పైగా పొడవైనది.

1771 నుండి 1784 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న విలియం హార్న్‌బీ కాలంలో వర్లీకి, మహాలక్ష్మికి నడుమ సముద్రం చొచ్చుకొని వచ్చే గండిని ఒక కట్టతో మూసివేశారు. హార్న్‌బీ వెల్లార్డ్ అని ప్రసిద్ధికెక్కిన ఆ కట్ట వల్ల, అంతవరకు ఆటుపోటులకు మునిగి తేలే పల్లపు నేలలు క్రమంగా ఆరాయి. 18వ శతాబ్దపు చివరి సంవత్సరాల నుండి కామాఠీలు గుడిసెలు వేసుకున్న నేల ఇదే. కట్ట పడినంత మాత్రాన పల్లం మెరక కాదు కదా! వానాకాలంలో నీరు నిలిచే ఈ ప్రాంతాలను ఆంగ్లేయులు 'ఫ్లాట్స్' అన్నారు. 19వ శతాబ్దంలో బైకుల్లా, తారదేవ్ పరిసరాలలోని ఫ్లాట్స్‌ను ఎత్తు చేయడానికి నగరపాలకులు వాడిన పదార్థాలలో ముఖ్యమైనది ఊరి చెత్త. కోట లోపలి బజార్లలో, సంపన్నుల వీధులలో ఊడ్చినదంతా బండ్లమీద వచ్చి ఈ పల్లాలలో పడింది. దానిపై మట్టి పడింది, మట్టిపై బాట పడింది, బాట పక్కన ఇండ్లు లేచాయి. కామాటిపుర చుట్టుపక్కల నేలకు, చెత్తకు ఉన్న బంధుత్వం అంత పాతది.

ఇక్కడికి వచ్చిన తెలుగువారు చెత్తను గురించి ఏమీ తెలియని వారు కారు. పల్లెలో ప్రతి రైతు వాకిలికి కొంచెం ఎడంగా పెంటకుప్ప ఉంటుంది. నేడు ఆ మాట తిట్టుగా వినబడుతుంది గాని పల్లెటూరిలో అది ఆస్తి. పశువుల పేడ, కొట్టంలోని గడ్డి, పొయ్యిలోని బూడిద, కూరగాయల తొక్కలు అందులోకి చేరేవి. గాజుపెంకులు, ముళ్లు అందులో పడితే ఇంటి పెద్దామె ఊరుకునేది కాదు. ఎందుకంటే ఏరువాకకు ముందు ఆ పెంట బండికెక్కి పొలానికి పోతుంది, అక్కడ అందరూ నడిచేది ఉత్త కాళ్లతోనే. అంటే తడిని, పొడిని వేరుచేయాలన్న బుద్ధి ఎవరో నేర్పినది కాదు. కాలికి గాజుపెంకు గుచ్చుకోకుండా ఉండాలన్న జాగ్రత్తే దానికి మూలం. ఆ కుటుంబాలు బొంబాయికి వచ్చినప్పుడు ఆ అలవాటు వారితోనే వచ్చింది, కాని పెంటకుప్పకు కావలసిన వాకిలి రాలేదు.

వాకిలికి బదులు దొరికినది చాల్. నూరు, నూట ఇరవై చదరపు అడుగుల ఒక ఖోలీ, అందులో ఒక మూల నీళ్లు పోసుకునే మోరీ, బయట పొడవైన నడవా, నడవా చివర అందరికీ ఉమ్మడి నల్లా, ఉమ్మడి మరుగుదొడ్లు, చీకటి మెట్లు. ఇంటి లోపల అనదగినది ఆ ఒక్క గదే. మిగిలినదంతా కప్పు కింద ఉన్నప్పటికీ ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. ఊడ్వవలసిన పని ఎవరిది, ఎంతవరకు అన్న ప్రశ్న మొదటి రోజు నుండే పుట్టింది. చాళ్లలో జరిగిన కలహాలలో నీటి వంతు తరువాతి స్థానం గడప ముందు చెత్తకే దక్కుతుందని ఆ జీవితం ఎరిగినవారంతా ఒప్పుకుంటారు.

ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు విచిత్రమైనది. 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టంలో 'హౌస్‌గల్లీ' అన్న మాటకు ఒక నిర్వచనం ఉన్నది. మురికి నీరు పారడానికి గాని, మరుగుదొడ్ల వంటి చోట్లను శుభ్రపరచే పనివారు లోపలికి రావడానికి గాని విడిచిపెట్టిన దారి అని దాని సారాంశం. రెండు వరుసల ఇండ్ల వీపులు ఎదురెదురుగా నిలిచే చోట, మనిషి బుట్టతో దూరగలిగినంత ఇరుకు సందు అది. భూగర్భ మురుగు కాలువలు అన్ని పేటలకూ అందని ఆ కాలంలో మరుగుదొడ్ల కింద బుట్టలు ఉండేవి. వాటిని ఖాళీ చేసే హలాల్‌ఖోర్లు ముందు వాకిలి నుండి రాకూడదు, నడవాలో నడవకూడదు, ఎవరి కంటా పడకూడదు. వారి కొరకు వెనుక దారి కావలసి వచ్చింది. 'హలాల్‌ఖోర్' అంటే ధర్మంగా సంపాదించుకొని తినేవాడని అర్థం. ఆ పేరు మీద నగరం పన్నుకూడా వసూలు చేసింది, కాని ఆ మనిషికి మాత్రం ముందు వాకిలి ఇవ్వలేదు. హౌస్‌గల్లీ ఇంజనీరింగు ఏర్పాటు అన్నది ఎంత నిజమో, అంటరానితనం ఇటుకలతో కట్టుకున్న రూపం అన్నది కూడా అంతే నిజం. తెలుగు కుటుంబాలు ఈ గోడకు రెండు వైపులా ఉన్నాయి. నడవాలో కాపురమున్న వారు ఉన్నారు, పారిశుద్ధ్యపు పనిలో చేరిన దళిత కుటుంబాల వారూ ఉన్నారు.

హౌస్‌గల్లీ రెండవ జీవితం తరువాత మొదలైంది. మురుగు గొట్టాలు వచ్చి బుట్టలు పోయాయి. సందు మాత్రం మిగిలింది. ఖోలీ కిటికీలు దానివైపే తెరుచుకున్నాయి. అంతకు ముందు మనిషి నడిచిన ఆ చోట ఇప్పుడు ఎవరూ నడవడం లేదు, పడినది ఎవరూ చూడడం లేదు. మూడవ అంతస్తులోని ఇల్లాలు చెత్తను చేతబట్టుకొని చీకటి మెట్లు దిగి, వీధి చివరి డబ్బా వరకు వెళ్లడమా, కిటికీలోనుండి ఒక్క విసురు విసరడమా? ఆమెను నిందించడం సులభం. కట్టిన వారే కిటికీ కింద గొయ్యి పెట్టి ఇచ్చిన తరువాత ఆమె ఒక్కతెనే తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు. నగర పారిశుద్ధ్య సిబ్బంది పాత పేటలలో నేటికీ వానాకాలానికి ముందు ఈ సందులను తవ్వి శుభ్రపరచవలసి వస్తున్నది. గొట్టాలు కారి, చెత్త నాని, ఎలుకలు కాపురముండే ఈ ఇరుకు చోటులోకి దిగే మనిషి ముత్తాతల కాలపు హలాల్‌ఖోర్ కంటె ఏ విధంగా మెరుగైన స్థితిలో ఉన్నాడో ఆలోచించవలసినదే.

ఎలుకల మాట వచ్చినది గనుక ప్లేగును స్మరించక తప్పదు. 1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వియెగాస్ ఈ రోగాన్ని గుర్తించారు. 1891 జనాభా లెక్కల ప్రకారం 8,21,764 మంది ఉన్న నగరం నుండి కొన్ని నెలలలోనే లక్షలాది జనం పారిపోయారు. రోగానికి మురికి, దుర్వాసన కారణమని అధికారులు నమ్మారు. కార్బాలిక్ ద్రావణం చల్లారు, గోడలకు సున్నం కొట్టించారు, కప్పులు విప్పించారు. ఎలుక మీది గోమారి వల్ల రోగం సంక్రమిస్తుందని పాల్ లూయీ సైమండ్ నిరూపించినది 1898లో. ఆ గడబిడ రోజులలో ఒక సంగతి అందరికీ తెలిసివచ్చింది. ఆస్పత్రులకు ఈడ్చుకొని పోతారన్న భయంతో హలాల్‌ఖోర్లు కూడా ఊరు విడిచిపోతే బొంబాయిలో మనిషి ఉండలేడని మునిసిపల్ అధికారులు బెదిరిపోయారు. కఠిన చర్యలను సడలించడానికి అది కూడా ఒక కారణమైంది. వెనుక సందులో కనబడకుండా నడిచిన మనిషి నగరానికి ఎంత అవసరమో తెలియడానికి మహమ్మారి రావలసి వచ్చింది. 1898లో ఏర్పడిన నగరాభివృద్ధి ట్రస్టు మొట్టమొదట చేపట్టిన పనులలో కామాటిపురను ఆనుకొని ఉన్న నాగ్‌పాడా ఒకటి. వెడల్పు వీధులు, గాలి వెలుతురు గల గదులు వారి లక్ష్యం. ఆ గదులలోని చెత్త ఎక్కడ నిలవాలన్నది మాత్రం వీధి చివరి డబ్బాకే వదలివేశారు.

ఇదే కాలంలో మరొక మహానగరం వేరొక మార్గం తొక్కింది. 1883 నవంబరులో పారిస్ నగరపు అధికారి యూజీన్ పుబెల్ ప్రతి భవన యజమానీ అద్దెదారుల కొరకు భవనం లోపలనే మూతగల పాత్రలు ఉంచాలని ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞలో మూడు పాత్రల ప్రస్తావన ఉన్నది: కుళ్లిపోయే వాటికి ఒకటి, కాగితాలకు గుడ్డలకు ఒకటి, గాజుకు, పింగాణీకి, ఆల్చిప్పలకు ఒకటి. బొంబాయి చట్టానికి అయిదేండ్ల ముందే వచ్చిన ఆలోచన ఇది! భవన యజమానులు ఖర్చని గొణిగారు. గుడ్డపీలికలు ఏరుకొని బతికేవారు తమ నోటికాడి కూడు పోతుందని వీధికెక్కారు. మూడుగా వేరుచేయడం అక్కడా సరిగా సాగలేదు. పాత్ర మాత్రం నిలిచింది. నేటికీ ఫ్రెంచివారు చెత్తబుట్టను ఆ అధికారి పేరుతోనే 'పుబెల్' అంటారు. సామాన్యుడి ఇంటి పాత్రకు పేరై నిలవడం పదవులకు దొరికే గౌరవం కాదు.

పారిస్‌లో ఆజ్ఞ చేయలేని పనిని కామాటిపుర ఖోలీలలో అవసరం చేసింది. 20వ శతాబ్దపు మధ్యకాలంలో ఒక తెలుగు కుటుంబపు గదిలో నిజమైన చెత్త ఎంత మిగిలేదో లెక్కవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పొయ్యి బూడిద అంట్లు తోమడానికి వెళ్లేది. మిగిలిన అన్నం మరునాటి ఉదయానికి చద్దెన్నం. పాత వార్తాపత్రికలు, పిల్లల నోటుబుక్కులు తలుపు వెనుక దొంతరగా పెరిగి, నెలకో రెండు నెలలకో రద్దీవాడి తక్కెడలోకి ఎక్కేవి. ఖాళీ సీసాలు, తుప్పు రేకులు, విరిగిన ఇనుము భంగార్‌వాడి గోనెలోకి పోయేవి. చినిగిన చీరలు మొదట పసిబిడ్డలకు పొత్తిళ్లు, తరువాత బొంతలు, ఆ తరువాత మసిగుడ్డలు అయ్యేవి. ఇంకా బాగున్నవి పాతబట్టలకు గిన్నెలిచ్చే స్త్రీల మూటలో చేరేవి. ఇంటిపట్టున బీడీలు చుట్టే స్త్రీలు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు కూడా పొయ్యిలోకి పనికివచ్చేవి. కూతవేటు దూరంలోనే చోర్‌బజార్. విరిగిన గడియారానికీ, ఒంటి చెప్పుకూ కూడా వెలకట్టే అంగడి పక్కనే ఉన్నప్పుడు దేనిని చెత్త అనాలి?

పాల సీసా ముచ్చట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1949లో స్థాపించిన ఆరే పాల కాలనీ నుండి నగరమంతటికీ గాజు సీసాలలో పాలు వచ్చేవి. తెల్లవారుజామున పిల్లలు ఖాళీ సీసాలు కడిగి పట్టుకొని కేంద్రం ముందు వరుసకట్టేవారు. ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా. సీసా మీది అల్యూమినియం రేకు మూతను కూడా పారవేయక కూడబెట్టిన ఇండ్లున్నాయి. వాడిన వస్తువును శుభ్రపరచి, వేరుగా ఉంచి, తిరిగి ఇచ్చే ఏర్పాటును అయిదారేండ్ల పిల్లవాడు కూడా తప్పు లేకుండా నిర్వహించాడంటే అది పిల్లవాడి గొప్పతనం కొంత, ఏర్పాటు గొప్పతనం కొంత. సీసా ఎక్కడ పెట్టాలో, ఎవరికి ఇవ్వాలో, ఇస్తే ఏమి వస్తుందో అందులో సందేహానికి తావు లేదు. ఈనాడు నిపుణులు పెద్ద పెద్ద మాటలతో చెప్పే సూత్రాలన్నీ ఆ క్యూలో ఉన్నాయి.

ఆ తరువాత పాలు ప్లాస్టిక్ పొట్లంలోకి మారాయి. బొగ్గు పొయ్యి పోయి కిరోసిన్ స్టవ్, దానివెంట గ్యాసు వచ్చాయి. బూడిద మాయమైంది, దాని స్థానంలో అంట్ల సబ్బు, ఆ సబ్బుకొక డబ్బా. నూనె కొలిచి పోయించుకునే గిన్నె స్థానంలో పొట్లం. షాంపూ, టీపొడి, గుట్కా, అన్నిటికీ చిన్న చిన్న పొట్లాలే. వీటిని భంగార్‌వాడు కొనడు, తక్కెడలో తూగవు, నేలలో కుళ్లవు. వేరుచేయడం వల్ల వచ్చే నాలుగు పైసలు పోగానే వేరుచేయడమే పోయింది. అలవాటు చెడిందని పెద్దలు నిట్టూరుస్తారు గాని, నిజానికి కొనే వాడు లేక అంగడి మూతపడింది. కిటికీ కింద హౌస్‌గల్లీ మాత్రం తెరిచే ఉన్నది.

ఫలితం 2005 జూలై 26న అందరూ చూశారు. శాంతాక్రూజ్‌లో ఒక్క దినంలో 944 మిల్లీమీటర్ల వాన కురిసిన ఆనాటి వరదకు కారణాలు అనేకం. కాలువల నోళ్లకు అడ్డుపడిన ప్లాస్టిక్ వాటిలో ఒకటని అందరూ అంగీకరించారు. వరద వెనుక ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ ప్రబలింది. 1896 నాటి శత్రువు వేరొక రూపంలో అదే సందులలో నుండి బయటికి వచ్చిందని అనుకోవచ్చు. ఇక సందులలో మిగలక బండ్లకెక్కిన చెత్త తరలిపోయిన చోట్లలో పాతది దేవనార్. సుమారు 130 హెక్టార్ల ఆ మైదానంలో దశాబ్దాలుగా పేరుకున్న గుట్టలు 2016 జనవరి చివరలో అంటుకొని రోజుల తరబడి కాలాయి. ఆ పొగ ఉపగ్రహ చిత్రాలలో సైతం కనిపించింది. తడి చెత్త కుళ్లి పుట్టిన వాయువు, పొడి చెత్త ఇచ్చిన ఇంధనం, రెండూ ఒకే గుట్టలో చేరడమే అక్కడి చిక్కు. కామాటిపుర ఖోలీలో విడివిడిగా ఉండవలసినవి కలిసి వెళితే మాన్‌ఖుర్ద్, గోవండీ పిల్లలు ఆ పొగ పీల్చవలసి వచ్చింది.

సరిదిద్దే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1990ల రెండవ భాగంలో ఘాట్‌కోపర్ వంటి చోట్ల వీధివాసులే సంఘాలుగా ఏర్పడి తడిని, పొడిని వేరుచేయ పూనుకున్నారు. నగరపాలక సంస్థ ఆ పద్ధతిని 1997 నుండి ఇతర పేటలకు విస్తరింపజూసింది. 1998లో స్త్రీ ముక్తి సంఘటన అనే సంస్థ చెత్త ఏరుకొని జీవించే స్త్రీలకు శిక్షణ ఇచ్చే 'పరిసర వికాస్' కార్యక్రమాన్ని ఆరంభించింది. ఆల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశమంతటికీ నియమాలు వచ్చాయి, 2016లో వాటి స్థానంలో మరింత విస్తృతమైనవి వచ్చాయి. కుళ్లేది, కుళ్లనిది, ఇంటిలోని ప్రమాదకర వస్తువులు అని మూడుగా వేరుచేయడం ప్రతి గృహస్థుని విధి అయింది. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. ఇవన్నీ మంచి అడుగులే. కాని ఇంటి పెద్దామె రెండు బుట్టలలో వేరుచేసినదానిని కళ్ల ముందే ఒకే బండిలో కుమ్మరించే దృశ్యం ఒక్కసారి చూసిందంటే, ఏడాది పాటు చేసిన ప్రచారం ఆ ఒక్క నిమిషంలో కొట్టుకుపోతుంది.

ఈ చిక్కును మన స్వస్థలాలలోనే ఒక చిన్న పట్టణం విప్పి చూపింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘం, ఖాదర్ సాహెబ్ కమిషనరుగా ఉన్న కాలంలో, 2003 తరువాతి సంవత్సరాలలో వీధులలోని చెత్తకుండీలను ఎత్తివేసింది. కుండీ తీసివేస్తే జనం చెత్త ఎక్కడ వేస్తారని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఇంటింటికి రెండు బుట్టలు, వేళకు వాకిటికి వచ్చే బండి, బండిలోనూ రెండు అరలు. తడిదానితో వానపాముల ఎరువు, పొడిదానికి అమ్మకం. కుండీ లేనప్పుడు చెత్త చేతి నుండి చేతికి వెళుతుంది. మనిషి ముఖం చూసి ఇచ్చేటప్పుడు కలిపి ఇవ్వడానికి సిగ్గు వేస్తుంది. ఆరే సీసా పద్ధతి కూడా ఇదే కదా. 2015లో హైదరాబాదు నగరం కూడా పచ్చ, నీలం బుట్టలను ఇంటింటికీ పంచింది. అయితే మహానగరంలో బుట్టలు పంచినంత వేగంగా బండ్లలో అరలు, ఆవల కేంద్రాలు సిద్ధం కావు. అక్కడి బుట్టలు కొన్ని నీళ్లు పట్టుకోవడానికి, బియ్యం పోసుకోవడానికి మారిపోయాయంటే నవ్వు వస్తుంది గాని, ఉపయోగం లేని పాత్రను ఉపయోగించుకున్న గృహిణి తెలివిని కాదనలేము.

సొంత ఇంటి సంగతి ఇలా ఉంటే, అందరూ తిరిగే లోపలి చోట్ల సంగతి మరింత కష్టం. పాఠశాల వరండా, కల్యాణ మండపం, సంఘ భవనం, ఆస్పత్రి ఆవరణ, రైల్వే స్టేషను. ఇక్కడ చెత్త వేసే మనిషి రేపు అక్కడ ఉండడు. అతనిని ఎవరూ ఎరుగరు. అతడు నిలిచి ఆలోచించేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలలో బుట్టే అతనికి చెప్పాలి. 2009లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ విషయంలో గమనింపదగినది. ఒక విశ్వవిద్యాలయ భవనాలలోని పెట్టెలకు వేయవలసిన వస్తువును బట్టి, సీసాలకు గుండ్రని రంధ్రం, కాగితాలకు సన్నని చీలిక ఉన్న మూతలు అమర్చి చూశారు. సీసాలు, డబ్బాలు సరైన పెట్టెకు చేరడం 34 శాతం పెరిగింది. వాటిలో వేరే చెత్త కలవడం 95 శాతం తగ్గింది. ఉపన్యాసం లేదు, జరిమానా లేదు. రంధ్రం ఆకారం ఒక్కటే మారింది. అరటిపండు తొక్కతో వచ్చిన చేయి సన్నని చీలికను చూసి తానే పక్క పెట్టె వైపు తిరుగుతుంది.

స్టేషన్లలో మరొక భయం తోడైంది. 1991 ఫిబ్రవరిలో లండన్ విక్టోరియా స్టేషనులో చెత్తబుట్టలో పెట్టిన బాంబు పేలిన తరువాత అక్కడి స్టేషన్లలో బుట్టలే తీసివేశారు. 1995లో పారిస్ పేలుళ్ల తరువాత ఆ నగరం ఇనుప బుట్టల స్థానంలో లోపలిది కనబడే పారదర్శక సంచులు తగిలించింది. అదే ఏడాది టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయు ప్రయోగం జరిగిన పిదప అక్కడా చాలా బుట్టలు మాయమయ్యాయి. జపానువారు చెత్తను సంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకుపోవడం ప్రసిద్ధమే. పారదర్శక సంచి భద్రత కొరకు వచ్చినా వర్గీకరణకూ ఉపకరించింది: లోపల ఏమున్నదో కనబడితే తరువాత వచ్చినవాడు కూడా అదే వేస్తాడు. ముందు వేసినవాడు తప్పు వేస్తే ఆ తప్పు కూడా అంతే సులభంగా అనుసరింపబడుతుంది, అది వేరే మాట.

ఈ విదేశీ అనుభవాలను కామాటిపుర నడవాకు తెచ్చి చూస్తే కొన్ని స్థానిక సంగతులు తేలుతాయి. తడి బుట్ట నల్లా దగ్గర ఉండాలి. కడుక్కోవడానికి నీరు లేని చోట బుట్ట మూడో రోజున కంపు కొడుతుంది, కంపు కొట్టేదాని దగ్గరికి ఎవరూ రారు, దూరం నుండి విసురుతారు. పొడి బుట్ట దాని పక్కనే ఉండాలి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర ఉంటే దగ్గరున్న దానిలోనే రెండూ పడతాయి. తెలుగు, మరాఠీ, హిందీ, ఉర్దూ, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు ఒకే మెట్లు ఎక్కి దిగే ఈ పేటలో అక్షరాల కంటె బొమ్మ మేలు. బొమ్మలోనూ యాపిల్ తొక్క వేయడం వల్ల ఏమి ప్రయోజనం? కొబ్బరి పీచు, చేప ముల్లు, టీ ఆకు వేయాలి. బుట్ట ఎత్తు ఏడేండ్ల పిల్లకు అందాలి, ఎందుకంటే చాల్‌లో చెత్త పారవేసే పని ఎక్కువగా ఆ వయసు పిల్లలకే అప్పగిస్తారు. బరువు మోసే మనిషిని కూడా మరువరాదు. నిండిన డబ్బాను మూడంతస్తులు దించేది యంత్రం కాదు, ఒక స్త్రీ నడుము.

అందరికంటె ఎక్కువగా మరచిపోయేది ఆ స్త్రీనే. నగరంలో పొడి చెత్తను నిజంగా వేరుచేసేది ఆమె, ఆమె వంటి వేలాది మంది. ధారావిలోని తేరా కంపౌండ్‌లో ప్లాస్టిక్ రంగు రంగుగా, రకం రకంగా విడిపోయి ముక్కలై కొత్త వస్తువుగా బయటికి వెళ్లడం వెనుక ఉన్నది ఆ చేతులే. భవనం గీసే ఇంజనీరు లిఫ్టుకు, కారుకు, వాచ్‌మన్ గదికి చోటు చూపుతాడు. ఆమె కూర్చొని వేరుచేయడానికి వెలుతురు, నీరు, కప్పు గల పది అడుగుల చోటు చూపడం అరుదు. 1993లోను, 2013లోను వచ్చిన చట్టాలు మలమూత్రాలను చేతితో ఎత్తించడాన్ని నిషేధించాయి. హౌస్‌గల్లీలో మోకాటి లోతు బురదలో నిలిచిన మనిషికి ఆ చట్టాలు ఎంతవరకు అందాయన్నది వేరే వ్యాసం కావలసినంత విషయం.

ఈ విషయాలన్నీ ఇప్పుడు ఎందుకు చర్చించాలంటే, కామాటిపుర రూపమే మారబోతున్నది. సెస్ కట్టే పాత చాళ్లతో నిండిన ఈ గల్లీలను కలిపి, మహాడా సంస్థ ద్వారా సామూహిక పునర్నిర్మాణం చేయాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020ల దశాబ్దంలో నిశ్చయించింది. నడవాలు పోయి ఆకాశహర్మ్యాలు వస్తాయి. దీనిలో ఒక చట్టపు మెలిక ఉన్నది. 2017 అక్టోబరు 2 నుండి నగరపాలక సంస్థ, 20,000 చదరపు మీటర్లకు మించిన ఆవరణలు, దినానికి 100 కిలోలకు మించి చెత్త పుట్టే భవనాలు తమ తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవాలని నిర్దేశించింది. ముప్పై కుటుంబాల పాత చాల్ ఆ కొలతకు అందదు. వందల కుటుంబాల కొత్త టవరు అందుతుంది. నిన్నటి వరకు వీధి డబ్బాతో, కిటికీ సందుతో గడచిన కుటుంబాలు తెల్లవారేసరికి ఎరువు తయారీకి బాధ్యులవుతాయి.

టవర్లలో వాడుకలో ఉన్న ఏర్పాటు ఒకటున్నది: ప్రతి అంతస్తులో గోడకు ఒక కన్నం, దాని వెనుక కింది వరకు నిలువు గొట్టం. ఏది వేసినా ఒకే గొట్టంలో పడి కింద ఒకే కుప్ప అవుతుంది. ఎవరు వేసినారో ఎవరికీ తెలియదు, కింద ఎవరు ఏరుతున్నారో వేసినవారికి తెలియదు. దానికి నిలువు హౌస్‌గల్లీ అని పేరు పెట్టినా తప్పులేదు. దాని బదులు ప్రతి అంతస్తు మెట్ల దగ్గర రెండు బుట్టలకు చోటు, అక్కడ ఒక కొళాయి, నేలకు కొంచెం వాలు; కింది అంతస్తులో వెలుతురుగల వర్గీకరణ గది, అందులో చేయి కడుక్కునే చోటు; ఎరువు గుంతలకు ఎండ తగిలే మూల. ఇవి నక్షా గీసేటప్పుడు చేర్చితే కొన్ని చదరపు అడుగుల పని. గోడలు లేచిన తరువాత చేర్చాలంటే అసాధ్యం. అద్దెదారుల సంఘాలు తమ గది ఎన్ని చదరపు అడుగులని అడుగుతున్నాయి, అడగవలసినదే. మెట్ల దగ్గరి ఆ నాలుగు అడుగుల చోటును గురించి అడగడానికి కూడా నక్షాలు ఖరారు కాకముందే అవకాశం ఉన్నది.